ఒంటిగంట బ్యాండుకు అతిథి వచ్చిన రాత్రి



అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో డెంటన్ అనే ఊరుంది. ఆ పేరు ఎరిగిన తెలుగు ఇళ్లు తక్కువేమీ కావు. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ ఉన్నది అక్కడే. మన పిల్లలు ఎం.ఎస్. చదవడానికి వెళ్లే విశ్వవిద్యాలయాల్లో అదొకటి. క్లాసులు, పార్ట్‌టైమ్ పని, శని ఆదివారాల్లో ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉన్న బంధువుల ఇంట్లో భోజనం, ఇదీ మనవాళ్లకు తెలిసిన డెంటన్. సంగీతం వాళ్లకు తెలిసిన డెంటన్ వేరు. అక్కడి సంగీత కళాశాలలో జాజ్ బ్యాండ్లు ఒకటీ రెండూ కాదు, తొమ్మిది దాకా ఉంటాయి. వాటి పేర్లు తమాషాగా ఉంటాయి. వన్ ఓ క్లాక్ బ్యాండు, టూ ఓ క్లాక్ బ్యాండు, త్రీ ఓ క్లాక్ బ్యాండు, ఇలా వరసగా. ఏ గంటకు సాధనకు కూర్చుంటే ఆ గంటే బ్యాండు పేరు. వీటిలో ఒంటిగంట బ్యాండుది పెద్దపీట.

కౌంట్ బేసీ 1937లో రికార్డు చేసిన వన్ ఓ క్లాక్ జంప్ అనే ప్రసిద్ధ రచన ఒకటుంది. దాని మీది మమకారంతోనే ఈ పేరు పెట్టుకున్నారేమో అని జాజ్ అభిమానులకు అనిపించడం సహజం. కానీ ఈ పేరు పెట్టింది టైమ్‌టేబులు. ఇంత ఘనమైన బ్యాండుకు ఇంత గుమాస్తా తరహా పేరు నిలిచిపోవడం నాకు భలే ఇష్టం.

ఈ విద్యార్థి బ్యాండ్లు ఏడాదిలో కొన్నిసార్లు బయటి నుంచి పేరున్న కళాకారులను, బోధకులను పిలిపించుకుని వాళ్లతో కలిసి కచేరీ చేస్తాయి. డెంటన్‌లోనే కాదు, అమెరికాలో జాజ్ నేర్పే చాలా విశ్వవిద్యాలయాల్లో ఈ ఆనవాయితీ ఉంది. పోస్టరు మీద అతిథి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో బ్యాండు పేరు. చూసేవాళ్లకు అదొక సాయంత్రం కార్యక్రమం. దాని వెనక ఏం జరుగుతుందో ఇవాళ చెప్పాలని నా ఉద్దేశం.

ముందు బ్యాండు గురించి రెండు మాటలు. బిగ్ బ్యాండ్ అంటే అయిదు సాక్సఫోన్లు, నాలుగో అయిదో ట్రంపెట్లు, అన్నే ట్రాంబోన్లు. వీటికి దన్నుగా పియానో, గిటారు, బాస్, డ్రమ్స్. ఈ చివరి నాలుగింటినీ కలిపి రిథమ్ సెక్షన్ అంటారు. మొత్తం 17 నుంచి 19 మంది. 1930లలో అమెరికా యువత నాట్యం చేసిందంతా ఈ సంగీతానికే. డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ, బెన్నీ గుడ్‌మన్, గ్లెన్ మిల్లర్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి, ఏ రాత్రికారాత్రి ఒక డాన్స్ హాలులో వాయించేవారు. బస్సే ఇల్లు. బస్సే బడి కూడా. పదిహేడేళ్ల కుర్రవాడు పెద్దవాడి పక్క కుర్చీలో కూర్చుని, విని, తిట్లు తిని నేర్చుకునేవాడు. ఎల్లింగ్టన్ బ్యాండులో బబ్బర్ మైలీ అనే ట్రంపెట్ వాద్యకారుడు ఉండేవాడు. పైపులు బాగుచేసేవాళ్లు సింకు తూము తెరవడానికి వాడే రబ్బరు కప్పును ట్రంపెట్ మూతి దగ్గర ఆడిస్తూ, మనిషి గొంతు మూలిగినట్టు పలికించేవాడు. 1929లో ఆయన వెళ్లిపోయి, ఆ కుర్చీలోకి కూటీ విలియమ్స్ వచ్చాడు. ఆ కప్పు విద్య ఎవరూ ఆయనకు పాఠంగా చెప్పలేదు. అదే బ్యాండులో ట్రిక్కీ శామ్ నాంటన్ అనే ట్రాంబోన్ ఆయన రోజూ చేస్తుంటే విని పట్టుకున్నాడు. ఆ తరవాత విలియమ్స్ కోసమే 1940లో ఎల్లింగ్టన్ ఒక రచన చేసి, దానికి ఆయన పేరే పెట్టాడు.

యుద్ధం ఈ బడిని మూసేసింది. వాద్యకారులు సైన్యంలోకి పోయారు. పెట్రోలుకూ టైర్లకూ రేషను. 1942 నుంచి 1944 దాకా సంగీతకారుల యూనియను రికార్డింగులను బహిష్కరించింది. 1944లో నాట్యశాలల మీద భారీ పన్ను వచ్చిపడింది. ఆ లోపల జనం చెవి గాయకుల వైపు తిరిగింది. 1946 డిసెంబరులో, కొన్ని వారాల తేడాలో, గుడ్‌మన్, హ్యారీ జేమ్స్, టామీ డోర్సీ, వుడీ హెర్మన్‌తో సహా ఎనిమిది పేరున్న బ్యాండ్లు మూతపడ్డాయి. ఇరవై మందికి జీతాలిచ్చి బస్సులో తిప్పడం ఇక ఎవరివల్లా కాలేదు.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1947లో, డెంటన్‌లో ఆ విద్యకు డిగ్రీ మొదలైంది. వ్యాపారం దివాళా తీసిన సంవత్సరం దాటగానే కోర్సు పెట్టడం చాదస్తంలా కనిపిస్తుంది. కానీ దాని వెనక లెక్క ఉంది. జీన్ హాల్ అనే సాక్సఫోను వాద్యకారుడు 1944లో అక్కడే ఎం.ఏ. చేస్తూ, నాట్య సంగీతాన్ని కళాశాల స్థాయిలో ఎలా నేర్పాలి అన్న విషయం మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. యుద్ధం ముగిశాక ఆ పథకాన్ని నడపమని ఆయననే పిలిచారు. సైన్యం నుంచి తిరిగి వచ్చిన యువకులకు చదువు ఖర్చంతా ప్రభుత్వమే భరించే చట్టం అప్పటికే వచ్చింది. వాళ్లలో సైనిక బ్యాండ్లలో వాయించినవాళ్లు చాలామంది. విద్యార్థులు సిద్ధం, ఫీజు సిద్ధం. డిగ్రీ పేరు మాత్రం జాజ్ కాదు. డాన్స్ బ్యాండ్ అని పెట్టారు. జాజ్ అంటే సారా దుకాణాల్లో వినిపించేది అని పెద్దమనుషులు మొహం చిట్లించే రోజులవి.

ఇక్కడ ఒక సంగతి దాటేసి పోవడం న్యాయం కాదు. ఈ సంగీతాన్ని పుట్టించినవాళ్లు నల్లజాతివాళ్లు. న్యూ ఆర్లియన్స్ వీధుల్లో, కాన్సస్ సిటీ క్లబ్బుల్లో, న్యూయార్క్ హార్లెమ్‌లో దాన్ని పెంచినవాళ్లు వాళ్లే. 1947లో ఆ డిగ్రీ మొదలైనప్పుడు డెంటన్ కళాశాలలో వాళ్లకు ప్రవేశం లేదు. టెక్సస్ చట్టం ఒప్పుకోలేదు. 1954లో ఒక పరిశోధక విద్యార్థిని చేర్చుకున్నారు. డిగ్రీ తరగతుల్లోకి తొలి నల్లజాతి విద్యార్థిని 1956లో అడుగుపెట్టింది. అంటే తొమ్మిదేళ్ల పాటు ఎల్లింగ్టన్ సంగీతం మీద పరీక్షలు రాయొచ్చు, ఎల్లింగ్టన్ కొడుకు వయసు వాడు వచ్చి అడిగితే మాత్రం సీటు లేదు. 1960లలో హ్యూస్టన్ నుంచి వచ్చిన బిల్లీ హార్పర్ అనే నల్లజాతి సాక్సఫోను వాద్యకారుడు ఆ ఒంటిగంట బ్యాండులో వాయించాడు. ఆ తరవాత న్యూయార్క్ వెళ్లి ఆర్ట్ బ్లేకీ, మ్యాక్స్ రోచ్ లాంటి మహామహుల పక్కన నిలబడ్డాడు.

డెంటన్ ఒక్కదాని కథ కాదిది. ఇండియానా విశ్వవిద్యాలయంలో జాజ్ శాఖను దశాబ్దాల పాటు నడిపిన డేవిడ్ బేకర్ నల్లజాతివాడు, గొప్ప ట్రాంబోన్ వాద్యకారుడు. అంతకుముందు మిస్సోరీలో ఉద్యోగం చేస్తూ శ్వేతజాతి గాయనిని పెళ్లాడినందుకు, ఆ రాష్ట్ర చట్టం వల్ల, ఆ కొలువు వదులుకోవలసి వచ్చింది. కారు ప్రమాదంలో దవడ దెబ్బతింది. ట్రాంబోన్ ఊదలేని స్థితి వచ్చింది. ఆయన చెల్లో పట్టుకున్నాడు, పుస్తకాలు రాశాడు, పాఠాలు చెప్పాడు. ఇవాళ అమెరికాలో జాజ్ బోధించే పద్ధతుల్లో ఆయన వేసిన బాటలు చాలా ఉన్నాయి. అతిథి కళాకారుడు విశ్వవిద్యాలయానికి రావడం అంటే ఇవన్నీ కూడా ఆ గుమ్మంలోకి వస్తాయి. విద్యార్థుల ముందు నిలబడేది చాలాసార్లు, వాళ్ల తాత తరంలో అయితే అదే గుమ్మం దగ్గర ఆగిపోయి ఉండే మనిషి.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. అతిథి రాకముందే, కొన్ని వారాల ముందు, ఆయన రచనల కాగితాలు బ్యాండుకు చేరతాయి. వాటిని వాళ్లు చార్టులు అంటారు. డెంటన్ పిల్లలకు చార్టు చదవడం కష్టం కాదు. చూడగానే తప్పు లేకుండా వాయించగలవాళ్లే పై బ్యాండులోకి వస్తారు. ఏటా కొత్తగా పరీక్ష ఉంటుంది. పోయిన ఏడు కూర్చున్న కుర్చీ ఈ ఏడు దక్కుతుందన్న హామీ లేదు. కాబట్టి అతిథి దిగేసరికి స్వరాలన్నీ సిద్ధం. ఆయన వచ్చి మొదటి సాధనలో మొదటి పేజీ వినగానే, చాలాసార్లు, బ్యాండును ఆపేస్తాడు. ఎందుకంటే స్వరాలు మాత్రమే ఉన్నాయి.

ఏం లేదు మరి? స్వింగ్ లేదు. స్వింగ్ లయలో రెండు చిన్న స్వరాలు పక్కపక్కన ఉంటే కాగితం మీద రెండూ సమానంగా కనిపిస్తాయి. వాయించేటప్పుడు మొదటిది కాస్త సాగాలి, రెండోది కాస్త కురచ కావాలి. ఎంత సాగాలి, ఎంత కురచ కావాలి? దానికి గుర్తు లేదు. వేగం పెరిగేకొద్దీ తేడా తగ్గుతుంది. బేసీ బ్యాండు తీరు ఒకటి, ఎల్లింగ్టన్ తీరు మరొకటి. ఒక స్వరం చివర జారిపోవాలా, ఠక్కున తెగాలా? ట్రంపెట్లు నలుగురూ ఊపిరి ఎక్కడ వదలాలి? బారు అనే నాలుగు దెబ్బల కొలతలో నాలుగో దెబ్బ మీదా, మరుసటి బారు మొదటి దెబ్బ మీదా? ఈ నిర్ణయాలు లీడ్ ట్రంపెట్ వాయించేవాడివి. అతను పట్టిన ఊపిరే వెనక ముగ్గురూ పట్టాలి, ట్రాంబోన్లు కూడా అతని వైపే చెవి పెట్టాలి. సాక్సఫోన్లలో ఆ బాధ్యత ముందు కూర్చున్న ఆల్టోది. అతిథి ట్రంపెట్ వాద్యకారుడైతే ఏమీ చెప్పకుండా లీడ్ పక్కన నిలబడి ఆ రెండు పంక్తులు తానే వాయిస్తాడు. పది నిమిషాల ఉపన్యాసం చేయలేని పని రెండు పంక్తులు చేస్తాయి. బ్యాండు మొత్తం ఒక్కసారిగా వెడల్పు అయినట్టు వినిపిస్తుంది.

గిటారు సంగతి ఇంకా సూక్ష్మం. కౌంట్ బేసీ దగ్గర ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారిస్టు 1937లో చేరాడు. 1987లో చనిపోయేదాకా దాదాపు ఆ కుర్చీలోనే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఆయన సోలో వాయించింది అతి అరుదు. విద్యుత్తు లేని మామూలు గిటారు మీద, బారుకు నాలుగు దెబ్బలు, అంతే. ప్రేక్షకుడికి అది వినపడదు కూడా. ఆగిపోతే మాత్రం బ్యాండు కింద నేల జరిగినట్టు ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడికి, అందునా వేగంగా వాయించగలనని చూపించుకోవాలని తహతహలాడే కుర్రవాడికి, పాట పొడుగునా నాలుగు దెబ్బలే వాయించు అని చెప్పడం పెద్ద శిక్ష. ఆ సంగీతంలో బతికిన మనిషి వచ్చి చెబితేనే అతను నమ్ముతాడు. తన గురువు ఏడాదంతా అదే చెప్పి ఉంటాడు, పాపం. అతిథి నోట వస్తే అదే మాట వేదవాక్కు అవుతుంది.

ఇక సోలో. మిగతా బ్యాండు ఆగి, రిథమ్ సెక్షన్ మాత్రం నడుస్తుంటే, ఒక్కరే లేచి నిలబడి అప్పటికప్పుడు అల్లే భాగం. మన కచేరీలు విన్నవారికి కల్పనస్వరం తెలుసు కదా, దాన్ని దృష్టిలో పెట్టుకుంటే దీన్ని అందుకోవడం సులువు. తాళం నడుస్తూ ఉంటుంది, విద్వాంసుడు దాని లోపల కల్పన చేసి సరిగ్గా ఎత్తుగడకు వచ్చి వాలతాడు. జాజ్‌లో చాలా పాటల చట్రం 32 బార్లు, బారుకు నాలుగు దెబ్బలు. అంటే 128 దెబ్బలు, మన ఆదితాళంలో 16 ఆవర్తనాలు. ఆ చట్రం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. తేడా ఎక్కడంటే, మనకు రాగం సాధారణంగా పాట పొడుగునా ఒకటే. వాళ్లకు కింద పలికే స్వరాల కలయిక, కార్డ్ అంటారు, బారు బారుకూ మారిపోతుంది. నిన్న ఇంపైన స్వరం ఇవాళ అపస్వరం అన్నట్టు, ఈ బారులో చక్కగా ఉన్నది పై బారులో గుచ్చుకుంటుంది. చార్టులో సోలో చోట స్వరాలు ఉండవు. కార్డుల పేర్లు మాత్రం వరసగా ఉంటాయి. మిగతాదంతా ఖాళీ.

ఆ ఖాళీలో విశ్వవిద్యాలయపు పిల్లలు చేసే తప్పు ఒకటుంది. తప్పు స్వరం వాయించడం కాదు. అన్నీ ఒప్పు స్వరాలే వాయించడం. ప్రతి కార్డుకూ పుస్తకంలో ఉన్న స్వరశ్రేణి పొల్లుపోకుండా వాయించేస్తారు. వినడానికి లెక్కల పరీక్షలో నూటికి నూరు వచ్చిన జవాబు పత్రంలా ఉంటుంది. జాజ్ విశ్వవిద్యాలయంలోకి వచ్చాక అందరూ ఒకేలా వాయిస్తున్నారన్న ఫిర్యాదు చాలాకాలంగా ఉన్నదే. నా మటుకు నాకు ఆ ఫిర్యాదులో సగం నిజం కనిపిస్తుంది. బస్సుల్లో నేర్చుకున్న తరంలో ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్కటి. రేడియోలో రెండు స్వరాలు వింటే పేరు చెప్పేయొచ్చు. తరగతి గదిలో పాఠం ఒకటే, కాబట్టి జవాబులూ దగ్గరగా ఉంటాయి. మిగతా సగం అబద్ధం ఎందుకంటే, ఆ బస్సులు ఇక లేవు. తరగతి గదే లేకపోతే ఇరవై మంది కలిసి కూర్చునే చోటే ఉండేది కాదు. అతిథిని పిలవడం ఈ లోటుకు చేసుకున్న సర్దుబాటు. ఆ పాత బస్సులో ఒక సీటును మూడు రోజుల పాటు తరగతిలోకి తెచ్చి వేయడం.

ఆ సీటు మోసుకుతిరిగిన వాళ్లలో నేను ముందు చెప్పే పేరు క్లార్క్ టెర్రీ. 1920లో సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. ఇంట్లో డబ్బు లేదు. చిన్నతనంలో తోటకు నీళ్లు పెట్టే గొట్టం ముక్కకు గరాటు తగిలించి తన మొదటి ట్రంపెట్ తానే చేసుకున్నాడు. వాడలోని పెద్ద వాద్యకారులు కొందరు కుర్రవాళ్లకు విద్య చెప్పేవారు కాదు. తాను పెద్దయ్యాక అడిగినవాడికల్లా చెప్పాడు. బేసీ దగ్గరా, ఎల్లింగ్టన్ దగ్గరా, రెండు చోట్లా వాయించిన అరుదైన మనిషి. క్విన్సీ జోన్స్‌కు కుర్రతనంలోనే పాఠం చెప్పింది ఈయనే. 1960ల నుంచి కళాశాలలు, హైస్కూళ్లు తిరుగుతూ బ్యాండ్లకు నేర్పడం ఆయన జీవితంలో సగం అయిపోయింది. ముందు అనుకరించు, తరవాత జీర్ణం చేసుకో, ఆ తరవాతే కొత్తది చెయ్యి అన్న మూడు మెట్ల పద్ధతి ఆయన పేరు మీదే ప్రచారంలో ఉంది. ముసలితనంలో మధుమేహం కళ్లనూ కాళ్లనూ దెబ్బతీసింది. ఆర్కన్సాలో మంచం మీద ఉండి కూడా చూపు లేని జస్టిన్ కాఫ్లిన్ అనే యువ పియానిస్టుకు అర్ధరాత్రి దాటేదాకా పాఠం చెప్పాడు. ఆ గురుశిష్యుల మీద 2014లో డాక్యుమెంటరీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆయన 94వ పుట్టినరోజుకు ట్రంపెట్ వాద్యకారుడు వింటన్ మార్సాలిస్ తన బ్యాండు మొత్తాన్ని ఆస్పత్రికే తీసుకొచ్చి వాయించాడు.

వింటన్ మార్సాలిస్ పేరు వచ్చింది కాబట్టి డాలస్ సంగతి ఒకటి. 1980లలో ఆయన డాలస్‌లోని బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలుకు అతిథిగా వెళ్లాడు. అక్కడ ఒక కుర్రవాడు ట్రంపెట్ వాయించడం విన్నాడు. ఆ కుర్రవాడు రాయ్ హార్‌గ్రోవ్. ఆ తరంలో అంత పేరు తెచ్చుకున్న ట్రంపెట్ వాద్యకారులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అదే బడిలో కొన్నేళ్ల తరవాత చదివిన అమ్మాయి నోరా జోన్స్. మన పండిట్ రవిశంకర్ కూతురు. ఆమె ఆ తరవాత చేరింది ఈ డెంటన్‌లోనే, జాజ్ పియానోలో. డిగ్రీ పూర్తికాకుండానే న్యూయార్క్ వెళ్లిపోయి, 2003లో ఒకే రాత్రి అయిదు గ్రామీలు గెలుచుకుంది.

అతిథులందరూ టెర్రీ లాంటివాళ్లని చెప్పలేను. పొద్దున విమానం దిగి, సాయంత్రం కచేరీ చేసి, రాత్రి విమానం ఎక్కే అతిథులూ ఉంటారు. కచేరీలో సోలోలన్నీ ఆయనవే. వెనక ఇరవై మంది పిల్లలు కదిలే తెరలా మిగిలిపోతారు. టికెట్లు అమ్ముడుపోతాయి, ఫోటోలు బాగా వస్తాయి. మంచి అతిథి ఎవరో నేను గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది. సోలోలను పిల్లలకు ఎన్ని వదిలాడో చూస్తాను. నాలుగు బార్లు తను, నాలుగు బార్లు విద్యార్థి, మళ్లీ నాలుగు తను, ఇలా మార్చి మార్చి వాయించే ఘట్టం ఒకటి ఉంటుంది. దాన్ని ట్రేడింగ్ ఫోర్స్ అంటారు. అక్కడ అతిథి విద్యార్థి మాటను అందుకుని దాని మీద అల్లాడా, లేక తన దారిన తను పోయాడా? అందుకుంటే ఆ పిల్లవాడు జన్మలో మరిచిపోడు. ప్రేక్షకులకూ తెలిసిపోతుంది. చప్పట్లు ఎక్కడ మోగుతాయో వినండి, చాలు.

ఈ అతిథి మర్యాదల్లో డెంటన్ బ్యాండుకు దక్కిన పెద్ద రాత్రి 1967 జూన్‌లో వచ్చింది. చోటు వైట్ హౌస్. ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ స్వయానా టెక్సస్ మనిషి. విందు థాయిలాండ్ రాజు భూమిబల్‌కు. ఆ రాజు సాక్సఫోను వాయిస్తాడు, పాటలు కడతాడు, జాజ్ అంటే ప్రాణం. అందుకని డెంటన్ విద్యార్థులను పిలిపించారు. వాళ్లతో కలిసి వాయించిన అతిథులు సాక్సఫోను వాద్యకారుడు స్టాన్ గెట్జ్, డ్యూక్ ఎల్లింగ్టన్. పన్నెండేళ్లు వెనక్కి వెళ్తే ఆ కళాశాల గుమ్మం ఎవరికి తెరుచుకుందో, ఎవరికి లేదో ఇందాక చెప్పుకున్నాం. అప్పటికి ఎల్లింగ్టన్ మన దేశమూ చూసివచ్చాడు. 1963లో అమెరికా ప్రభుత్వం పంపగా బ్యాండుతో ఇక్కడికి వచ్చి, ఆ ప్రయాణ జ్ఞాపకాలతో, సహరచయిత బిల్లీ స్ట్రేహార్న్‌తో కలిసి ఫార్ ఈస్ట్ సూట్ కట్టాడు. అందులో ఢిల్లీలో విన్న మైనా పిట్ట కూత మీద ఒక భాగముంది. క్లారినెట్ ఆ పిట్ట పాట పాడుతుంది.

అతిథి బోధకుల చరిత్రలో మనకు మరీ దగ్గరగా వచ్చిన మనిషి ఇంకొకడున్నాడు. ఆయన సంగతికి ముందు, డెంటన్ విశ్వవిద్యాలయానికి తన చార్టుల భాండారమంతా ఇచ్చిపోయిన బ్యాండు నాయకుడు స్టాన్ కెంటన్ పేరు చెప్పాలి. అక్కడి సాధన మందిరానికి ఆయన పేరే. 1950లలో ఆ కెంటన్ బ్యాండులో మేనార్డ్ ఫెర్గూసన్ అనే కెనడా కుర్రవాడు ఉండేవాడు. ట్రంపెట్ మీద ఎవరూ అందుకోలేని పై స్వరాలు ఊదడం ఆయన ప్రత్యేకత. హాలు పైకప్పు లేచిపోతుందేమో అనిపించేది. 1960ల చివర ఆయన అమెరికా వదిలి, భార్యాబిడ్డలతో మన దేశం వచ్చాడు. వచ్చి పాఠాలు చెప్పింది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో! ఆ తరవాతి కాలంలో పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థ పిల్లల బ్రాస్ బ్యాండును మొదలుపెట్టి నేర్పింది కూడా ఈయనే. మదనపల్లెకు పాశ్చాత్య సంగీతం ఎరిగినవాళ్లు రావడం కొత్తేమీ కాదు లెండి. 1919లో రవీంద్రుడు అక్కడ బస చేసినప్పుడు జనగణమన బాణీకి స్వరాలు రాసింది మార్గరెట్ కజిన్స్. కానీ అప్పటి చిత్తూరు జిల్లా కొండల మధ్య బడిలో ఆ ట్రంపెట్ మోగిందంటే, చుట్టుపక్కల వేరుశెనగ చేలల్లో ఉన్నవాళ్లు తల ఎత్తి చూసి ఉంటారని నా ఊహ.

ఫెర్గూసన్ తిరిగి వెళ్లి 1970లలో మళ్లీ బ్యాండు కట్టాడు. బస్సుల కాలం ముగిసి పాతికేళ్లయింది. అయినా ఏటా రోడ్డు మీదే. ఎలా సాధ్యపడింది? ఆయన కచేరీలు ఎక్కువగా హైస్కూలు ఆడిటోరియాల్లో, కళాశాలల్లో. మధ్యాహ్నం పిల్లలకు పాఠం, రాత్రి వాళ్ల తల్లిదండ్రుల ముందు కచేరీ. బ్యాండులోకి తీసుకునేది అప్పుడే చదువు ముగించిన కుర్రవాళ్లను, డెంటన్ నుంచి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. నాట్యశాలలు మూతపడ్డాక ఈ సంగీతానికి అన్నం పెట్టింది బడులే. అతిథి పారితోషికం అన్నది జాజ్ కళాకారుడికి దానధర్మం కాదు, ఆయన ఏడాది రాబడిలో పెద్ద వాటా.

డెంటన్ బ్యాండు సొంతంగానూ తక్కువ తినలేదు. ల్యాబ్ 75 అనే రికార్డుకు గ్రామీ నామినేషన్ వచ్చింది, విద్యార్థి బ్యాండుకు అలాంటిది అదే మొదటిసారి. అందులోని రచనలు చేసిన విద్యార్థి లైల్ మేస్ ఆ తరవాత గిటారిస్టు పాట్ మెథీనీతో కలిసి ప్రపంచమంతా తిరిగాడు. 2004లో ఆ ఊళ్లోనే విద్యార్థులు కట్టిన స్నార్కీ పప్పీ అనే బృందం ఇవాళ పెద్ద పెద్ద వేదికలు నింపుతోంది. అయితే ఏటా చదువు ముగించే అందరికీ ఆ యోగం పట్టదు. చాలామంది టెక్సస్ హైస్కూళ్లలో బ్యాండు మాస్టర్లవుతారు. వాళ్ల శిష్యులే మళ్లీ డెంటన్ పరీక్షకు వస్తారు. కొందరు సైనిక బ్యాండ్లలో చేరతారు. నెల జీతం మీద బిగ్ బ్యాండ్ వాయించే ఉద్యోగం అమెరికాలో ఇవాళ మిగిలింది ఎక్కువగా అక్కడే. 2016 నుంచి ఒంటిగంట బ్యాండును నడుపుతున్న అలన్ బేలాక్ కూడా అలా వచ్చినవాడే. అమెరికా వైమానిక దళపు జాజ్ బ్యాండు ఎయిర్‌మెన్ ఆఫ్ నోట్‌కు ఏళ్ల తరబడి చార్టులు రాశాడు.

వినాలనుకునే శ్రోతలు ల్యాబ్ 75తో మొదలుపెట్టవచ్చు. ఇంటర్నెట్‌లో ఒంటిగంట బ్యాండు కచేరీల వీడియోలూ దొరుకుతాయి. మొదటిసారి ట్రంపెట్లను వినండి, అవి ఎలాగూ వినపడతాయి. రెండోసారి గిటారును వెతకండి. డెంటన్‌లో చదివే పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒక పని చేయవచ్చు. ఈ కచేరీలు జరిగే మర్చిసన్ కళా కేంద్రంలో విన్‌స్పియర్ హాలు ఎక్కడుందో వాళ్లకు ఫోనులో చెప్పండి. ఒక వారాంతం ఫ్రిస్కో భోజనం కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.